అందరి పళ్లెంలో

తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కోవడం మా ఇళ్ళలో తప్పు కాదు. చివరి ముద్ద నోట్లో పెట్టుకోవడం, చెంబులో నీళ్ళు కంచంలోకి వంచుకుని వేళ్ళు కడుక్కోవడం, లేచిపోవడం. ఆ కంచం ఎవరు తీస్తారో నేనెప్పుడూ ఆలోచించలేదు. అమ్మ తీసేది, అంతే.

ఈ వైభోగాన్ని సౌదీలోని అల్ ఖర్జ్ దాకా మోసుకెళ్ళాను. అక్కడి డెయిరీ ఫారంలో నాకు పని నేర్పింది ఒక యెమెన్ పెద్దాయన. ఆవు తన్నకుండా ఎటువైపు నిలబడాలో చెయ్యి పట్టుకుని చూపించాడు. నాకు అరబ్బీ రాదు, ఆయనకు తెలుగు రాదు. అయినా ఒక్క రోజూ విసుక్కోలేదు. కువైట్ గొడవలో యెమెన్ ఇరాక్ వైపు మొగ్గిందని సౌదీ సర్కారుకు కోపమొచ్చి, యెమెన్ వాళ్ళు పూచీ ఉండే కఫీల్‌ను కొత్తగా వెతుక్కోవాలి, లేదంటే దేశం వదలాలి అన్నారు. ఈ వయసులో తనకెవరు పూచీ ఉంటారని ఆయన సామాను సర్దుకున్నాడు.

వెళ్ళే రోజు మధ్యాహ్నం మా గదివాళ్ళందరికీ తనే వండాడు. పెద్ద పళ్లెం నిండా అన్నం, మీద మేక మాంసం. అందరం చుట్టూ కూర్చుని అందులోంచే తింటున్నాం. ఆయన మాత్రం మంచి ముక్కలు మావైపు జరుపుతూ ఇంకా తినడం మొదలుపెట్టనే లేదు. నేను తలొంచుకుని ఆబగా తిన్నాను. కడుపు నిండింది. పక్కనున్న గ్లాసు అందుకుని, నా ముందున్న చోటే చెయ్యి కడిగేశాను.

అందరి చేతులూ ఆగిపోయాయి. ఎంగిలి నీళ్ళు అన్నం కిందుగా ఆయన వైపు పారాయి.

"అరే, ఏం పని జేసినవ్‌రా! అందరు తినే పళ్లెం గదరా అది!" అన్నాడు మా గదిలో ఉండే జగిత్యాల అన్న.

పెద్దాయన "మాఫీ ముష్కిల్, మాఫీ ముష్కిల్" అంటూ ఏం ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. పైనున్న పొడి అన్నం మిగతావాళ్ళ వైపు తోసి, తను ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని లేచాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. మా ఇళ్ళలో ఇలాగే చేస్తామని చెబుదామంటే భాష లేదు. ఉన్నా, ఏం మొహం పెట్టుకుని చెప్పను?

అందరూ లేవగానే పళ్లెం ఎత్తుకుని వెనక కుళాయి దగ్గర తోముతూ కూర్చున్నాను. ముందువైపు బండి హారన్ కొట్టింది. అన్న పరుగెత్తుకొచ్చి, "పెద్దాయన పోతుండురా, అందర్ని కలిసిండు. నువ్వేడున్నవని అడుగుతుండు, రా" అన్నాడు.

"గీ పళ్లెం కడిగొస్త అన్నా, నువ్వు నడువు" అన్నాను.

పళ్లెం అప్పటికే మెరుస్తోంది. బండి కదిలిన చప్పుడు వినబడేదాకా తోముతూనే ఉన్నాను.