నాకొచ్చిన ఒక్క ఇంగ్లీషు మాట

బెంగళూరు మారతహళ్ళిలో రింగ్ రోడ్డు కొత్తగా పడిన రోజులవి. మా మేడమీద కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసే తెలుగమ్మాయిలు అద్దెకుండేవారు. నాకు ధారాళంగా వచ్చిన ఇంగ్లీషు మాట 'అడ్జస్ట్' ఒక్కటే. బస్సులో జరగమనడానికీ, కూరగాయల ధర తగ్గించమనడానికీ, ఆ పూటకు నీళ్లు లేవని చెప్పడానికీ అదే వాడేదాన్ని. కొత్త కోడలిగా ఉన్నప్పుడు నోరు మూసుకోమని మా అత్తగారు నాకు చెప్పిందీ ఆ మాటతోనే.

ఒక ఆదివారం ఆ పిల్లలకని చిత్రాన్నం చేసి పైకి తీసుకెళ్లాను. ఓరగా వేసిన తలుపు వెనక ఒక అమ్మాయి అచ్చం నా గొంతుతో అంటోంది: "మోటరు కాలిపోయిండాది, అడ్జస్ట్ చేసుకోండమ్మా. సాంబార్లో బల్లి పడిండాది, అడ్జస్ట్ చేసుకోండమ్మా." మిగతావాళ్లు పడీపడీ నవ్వుతున్నారు.

నన్ను చూడగానే నవ్వులు ఆగిపోయాయి. నా ముఖం మండిపోయింది. ఏదో ఒకటి అనాలని, "ఉప్పు రోంత తక్కువయ్యుండాది, అడ్జస్ట్ చేసుకోండమ్మా" అనేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

గిన్నె అక్కడే పెట్టి కిందికొచ్చి, మాకని ఉంచుకున్నది తింటే తెలిసింది, ఉప్పు అసలు వేయనేలేదు. సాయంత్రం ఆ అమ్మాయే గిన్నె కడిగి తెచ్చి, తలెత్తకుండా, "ఉప్పు సరిగ్గా సరిపోయింది ఆంటీ" అంది. ఇద్దరం నేల చూస్తూ గుమ్మంలో నిలబడ్డాం. ఇప్పటికీ ఎవరైనా 'అడ్జస్ట్' అంటే ఉప్పులేని ఆ చిత్రాన్నమే నా గొంతుకు అడ్డం పడుతుంది.