బెంజమిన్ దాచిపెట్టమన్న సీసా

మా మహబూబ్‌నగర్‌లో వైన్స్ అని బోర్డు పెట్టిన దుకాణంలో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. ఈ మాట బెంజమిన్‌ది. అలాంటి ఒక దుకాణంలో కౌంటర్ వెనక నిలబడే అన్నాడు. కరోనా ఏడాది హైదరాబాద్‌లోని పెద్ద హోటల్ వాళ్లు పనిలోంచి తీసేస్తే ఇక్కడికొచ్చి క్వార్టర్ సీసాలు అందించే పనిలో కుదిరాడు. అంతకుముందు పందొమ్మిదేళ్లు ఆ హోటల్లో దొరలకు వైన్ వడ్డించడమే అతని ఉద్యోగం. ఆత్మకూర్ పక్క పల్లెలో కూలికి పోయే పుల్లమ్మ కొడుకు, పదో తరగతి తప్పినవాడు, కళ్లు మూసుకుని ఇది ఫ్రాన్సుది, ఇది ఇటలీది అని చెప్పేవాడు. ఇప్పుడు లేడు కాబట్టి గొప్పలు చెబుతున్నాననుకోకండి. నేను చూశాను.

నా పేరు శ్రీశైలం, నీటిపారుదల ఆఫీసులో గుమస్తాను. బెంజమిన్, నేను ఒకే సర్కారు హాస్టల్లో చదివాం. మాలో మూడోవాడు నూరుద్దీన్, గడియారం చౌరస్తా దగ్గర అత్తరు అమ్ముతాడు. రెండు నెలలకో ఆదివారం సాయంత్రం ముగ్గురం మా ఇంట్లో కూర్చునేవాళ్లం. బెంజమిన్ పాత హోటల్ దోస్తుల చేత ఒక సీసా తెప్పించేవాడు. మా ఆవిడ కౌసల్య జొన్నరొట్టెలు, బోటి కూర చేసేది. నూరుద్దీన్ తాగడు. "నాకు వాసన సాలు భాయ్, అది గాలిల ఉంటది" అని గ్లాసు మీదికి ముక్కు వంచేవాడు. మా ముగ్గురిలో వాడి ముక్కే గట్టిదని బెంజమిన్ అనేవాడు.

మొదటిసారి నేను కల్లు తాగినట్టు ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేస్తే బెంజమిన్ నెత్తి కొట్టుకున్నాడు.

"అరె, బస్సు పోతాందారా నీకు? జర నాలుక మీద ఉండనియ్యి."

తర్వాత ఓపిగ్గా నేర్పాడు. ముందు రంగు చూడు, తర్వాత వాసన, ఆ తర్వాతే నోరు. హోటల్లో చెర్రీ వాసన అని చెప్పమని నేర్పారట. "పందొమ్మిదేండ్లు చెర్రీ చెర్రీ అని చెప్పిన, అదెట్లుంటదో నేనెన్నడు తినలే" అని నవ్వేవాడు. మా దగ్గర అతని పండ్లన్నీ మనవే. ఇది అల్లనేరేడు, ఇది ఎండిన రేగుపండు, చివర్లో చూడు తునికాకు కట్టల వాసన. వెతికితే నాకూ అవన్నీ దొరికేవి. యాభై ఏళ్లు దగ్గర పడుతున్న గుమస్తాకు తన నోట్లో ఇంత ఉందని తెలియడం ఎంత సంబరమో ఎలా చెప్పను!

షరతు ఒక్కటే.

"గ్లాసు ముందల అబద్ధం ఆడొద్దు. బాగలేకుంటె బాగలేదనాలె. హోటల్ల ఎన్ని అబద్ధాలు విన్ననో, ఈడ వినలేను."

ఒకసారి మొహమాటానికి ఒక పుల్లటి స్పెయిన్ వైన్‌ను బాగుందన్నాను. నా మొహం చూసి గ్లాసు లాక్కున్నాడు. రొట్టె తిని పడుకో పొమ్మన్నాడు.

అతని ఇంట్లో మాత్రం చుక్క ఉండడానికి వీల్లేదు. తండ్రి గుడుంబ తాగి తాగి చచ్చిపోయాడు. పుల్లమ్మ ఆ రోజు నుంచి ఏ సీసానూ గడప దాటనియ్యలేదు. ఇది మంచిదమ్మా, ఖరీదైనదమ్మా అని కొడుకు చెప్పబోతే, "మీ నాయినగూడ గట్లనే అన్నడు" అనేది. అందుకే తనకంటూ ఉన్న ఒక్క సీసాను అతను నా చేతిలో పెట్టాడు.

అది ఫ్రాన్సులో బర్గండి అనే చోటిది. హోటల్లో ఏడాది పాటు ఉన్న ఒక ముసలి ఫ్రెంచి ఇంజనీరు వెళ్లిపోతూ ఇచ్చాడట. పదేళ్లు నిండాక తెరువు, దానికి తగిన నాలుక నీది అన్నాడట. బెంజమిన్ జీవితంలో అతనికంటూ ఎవరైనా ఇచ్చిన బహుమతి అదొక్కటే.

"సల్లటి సీకటి జాగల పండవెట్టు. ఎండ సెగ తగిల్తె సచ్చిపోతది" అని చెప్పాడు.

మంచం కింద గోనెసంచిలో చుట్టి పడుకోబెట్టాను. కొన్నాళ్లకు కౌసల్య ఊడుస్తూ, చుట్టాలొస్తే మంచం కింద సీసా ఏమిటని పోరు పెట్టింది. తీసి సజ్జ మీద పెట్టాను. మన ఇళ్లలో విలువైనది ఏదైనా సజ్జెక్కుతుంది కదా, పట్టుచీరల పెట్టె, ఇత్తడి బిందెలు అన్నీ అక్కడే. పది రోజులకని పెట్టాను. పైన స్లాబు, దాని మీద పాలమూరు ఎండ. రెండు ఎండాకాలాలు గడిచాయి. దించాలని అప్పుడప్పుడు అనుకుని బద్ధకించాను.

ఆ తర్వాతి మాఘంలో బెంజమిన్ నాలుక అంచున పుండు లేచింది. దవాఖానలో ముక్క తీసి చూశారు. క్యాన్సర్. గుట్కా తింటావా అని డాక్టర్ అడిగితే నవ్వాడట. నాలుక పాడవుతుందని వేడి చాయ్ కూడా తాగనివాడు. నాలుక తీసెయ్యాలన్నారు, సోమవారం ఆపరేషన్ అన్నారు.

శుక్రవారం ఫోన్ చేశాడు. "ఎల్లుండి సీసా తెరుద్దాం రా. సోమవారం దాటితె నాకు రుచి ఉండదు."

అప్పుడు సజ్జ ఎక్కాను. బిరడా కొంచెం పైకి తన్నుకొచ్చి ఉంది. మూతి చుట్టూ బంకగా కారి ఎండిపోయింది. సెగకు పాడైందని చూడగానే నాకు అర్థమైంది. అతనే నేర్పాడు మరి. ఫోన్ చేసి చెప్పాల్సింది. మరో సీసా ఎక్కడైనా వెతకడానికి రెండు రోజులుండేవి. తడిగుడ్డతో ఆ బంకంతా తుడిచాను. బిరడాను బొటనవేలితో లోపలికి నొక్కాను. సీసాను మళ్లీ గోనెసంచిలో చుట్టి మంచం కింద పెట్టాను. నేను పిరికివాణ్ని.

ఆదివారం బెంజమిన్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బిరడా తీసి దాని పక్కల మరకను చాలాసేపు చూశాడు. మూడు గ్లాసుల్లో పోశాడు. నూరుద్దీన్ వాసన చూసి, తల ఎత్తి నా వైపు చూసి, గ్లాసు కింద పెట్టాడు. నేను నోట్లో పోసుకున్నాను. ఉడికిన చింతపండు, మాడిన బెల్లం. అల్లనేరేడు లేదు, రేగుపండు లేదు, ఏమీ లేదు. బెంజమిన్ కళ్లు మూసుకున్నాడు. ఆ పుండు మీద ఆ పులుపు ఎంత మండిందో! మెల్లగా మింగాడు.

"ఏడ పెట్టినవ్?" అన్నాడు.

"మంచం కిందనే. నువ్వు చెప్పినట్టె."

కాసేపు నన్ను చూశాడు. "బాగుంది" అన్నాడు. గ్లాసంతా తాగాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికాడు. ముక్కులో గొట్టం, గొట్టంలో గంజి. కూతురు గ్రేస్ బళ్లో చేరినప్పటి పలక తెచ్చుకుని దాని మీద రాసి మాట్లాడేవాడు. ప్రతి ఆదివారం వెళ్లి ఆఫీసు సంగతులు, వానల సంగతులు చెప్పొచ్చేవాణ్ని. ఒళ్లో పలక పెట్టుకుని, బలపం చేతిలో పట్టుకుని నా నోటి వైపే చూసేవాడు. నాకు మాత్రం ఏమీ రాసేవాడు కాదు. ఓపిక లేదేమోననుకునేవాణ్ని.

అతను పోయిన మూడో రోజు సమాధి దగ్గర పిట్టకు పెట్టారు. మన వైపు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి కాకి ముట్టేదాకా చూస్తారు. కాకి రాకపోతే పోయినవాడి మనసులో ఏదో మిగిలిపోయిందని లెక్క. పాస్టరు వద్దన్నా పుల్లమ్మ వినలేదు.

"నా కొడుకు ఆకలితోని పోయిండు. వాని ఎర్రసీసాగూడ తేండ్రి" అంది.

నా దగ్గర తెరవకుండా మిగిలిన ఇటలీ వైన్ గ్లాసులో పోసి మాంసం పక్కన పెట్టాను. కాకి రాలేదు. అదే అతని బెంగేమోనని, గ్రేస్‌ను చదివిస్తామని బంధువులు మాటిచ్చారు. అయినా రాలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. "ఎవ్వలన్న ఏమన్న దాస్తె చెప్పుండ్రి బిడ్డా" అంది పుల్లమ్మ.

సమాధి ముందు కూర్చుని అందరూ వినేట్టు చెప్పాను, సజ్జ సంగతి, తడిగుడ్డ సంగతి, మంచం కిందనే అన్న సంగతి. పసిపిల్లాడిలా ఏడ్చాను.

బెంజమిన్ భార్య కోమల నా పక్కకొచ్చింది. ఆమె కళ్లలో తడి లేదు.

"ఆయనకు ఎరికేనన్నా. ఆ పొద్దు ఇంటికి రాంగనే చెప్పిండు. సీసా పోతె పోయింది, వాడు గ్లాసు ముందల అబద్ధం ఆడిండు, నేనుగూడ ఆడిన, వాడు నిజం చెప్పినంక నేనుగూడ చెప్త అన్నడు. నువ్వొచ్చే ఆదివారం పొద్దుగాల్నే పలక కడిగిపిచ్చుకుంటుండె. నువ్వు పోయినంక గోడ దిక్కు తిరిగి పండుకుంటుండె."

కాకి అప్పటికీ రాలేదు. పుల్లమ్మ విస్తరి ముందు అలాగే కూర్చుని ఉంది.