నాన్న చెయ్యి, వదిన కేబుల్

మా వదిన ఎవరితో మాట్లాడినా మొహం చూడదు, చేతులు చూస్తుంది. ఇంటికి వచ్చిన కొత్తలో నాకు ఒళ్ళు మండిపోయేది. నేను ఊళ్ళో కబుర్లన్నీ మోసుకొచ్చి చెబుతుంటే ఆవిడ నా అరచేతులవైపు చూసి, “తాడు లాగేటప్పుడు గుడ్డ చుట్టుకోవచ్చుగా పిల్లా, చూడు ఎలా కోసుకుపోయాయో” అనేది. నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. “ముందు నేను చెప్పేది వినవమ్మా!” అని అరిచేదాన్ని. ఆవిడ నవ్వేసి, మర్నాడు గుడ్డపేలికలు తెచ్చి నా సంచిలో పడేసేది.

వదినది మరపడవల రిపేరు. ఒడ్డునున్న రేకుల షెడ్డులో పొద్దున దూరితే సాయంత్రానికి గ్రీజు కంపుతో తేలుతుంది. మా అన్నయ్య టైలరు. ఇంట్లో చిరిగినవి అన్నయ్య కుడతాడు, విరిగినవి వదిన బిగిస్తుంది. చింపడం, విరగ్గొట్టడం అమ్మా నేనూ చూసుకుంటాం.

నాన్నకు ఓ పాత పడవ ఉంది. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు జనాన్ని దాటిస్తాడు. టికెట్లు ఇవ్వడం, తాడు విసరడం నా పని. ఆ పడవకు ఇంజను లోపల ఉంటుంది. వెనకనుంచి ఓ ఇనప కాలు నీళ్ళలోకి దిగి ఉంటుంది, దాన్ని డ్రైవు అంటారు. దాని చివర ఫ్యాను. నాన్న పక్కనున్న లివరు ముందుకు నెడితే పడవ ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి. నాన్న ఆ లివరును ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. సర్వీసింగు కూడా తనే చేసుకునేవాడు. కోడలు మెకానిక్కైనా సరే, “నా పడవ సంగతి నాకు తెలుసులేమ్మా” అనేవాడు.

కొన్నాళ్ళుగా ఆ లివరు నాన్నకు లొంగడం మానేసింది. మొదట రెండు చేతులతో లాగేవాడు. తర్వాత కాలు తన్నిపెట్టి లాగేవాడు. ఓరోజు ఒడ్డుకు చేరేటప్పుడు వెనక గేరు సమయానికి పడక, పడవ వెళ్ళి చెక్కల వంతెనకు గుద్దుకుంది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఓ ముసలమ్మ బుట్టలోని టమాటాలు మాత్రం నీళ్ళపాలయ్యాయి, నేను తిట్లపాలయ్యాను. నాన్న ఇంటికొచ్చి మంచమ్మీద కూలబడ్డాడు.

“నా చెయ్యి అయిపోయిందే. మనిషిని చంపకముందే మానేయాలి” అన్నాడు అమ్మతో.

వారం తిరక్కుండా పడవ అమ్మడానికి ఒప్పేసుకున్నాడు. కొనేది ఓ హోటలాయన. తోలడానికి కాదట! హోటలు ముందు పెట్టి, నిండా మట్టిపోసి, పూలమొక్కలు వేస్తాడట. ఆదివారం లారీతో వస్తానన్నాడు. ఆ మాట విని నేను ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచాను. నాన్న మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దస్తమానం వాగే మనిషి అలా నోరు మూసుకుంటే ఇల్లంతా బావురుమంది. అమ్మ పూటపూటకీ ఆ చేతికి నూనె మర్దనా చేసి, వేడినీళ్ళ కాపడం పెట్టేది. ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని చేతికి నూనె రాసిన తెలివైన సంసారం మాది!

గురువారం మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చున్నాం. నెయ్యి డబ్బా మూత బిగుసుకుపోయి అమ్మకు రాలేదు, నాకూ రాలేదు. పరధ్యానంగా ఉన్న నాన్న డబ్బా అందుకుని ఒక్క తిప్పు తిప్పి మూత తీసి అమ్మకిచ్చాడు. వదిన తింటున్నదల్లా ఆగిపోయింది.

“మామయ్యగారూ, ఆ మూత ఏ చేత్తో తీశారు?”

“కుడిచేత్తోనమ్మా. ఏం?”

“మీకు పనిచెయ్యనిది ఏ చెయ్యి?”

నాన్న తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. వదిన కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచింది.

పడవ దగ్గరికి అందరం పరిగెత్తాం. వదిన ఇంజను మూత ఎత్తింది. లివరునుంచి వచ్చే కేబులు ఒకటి ఇంజను దాకా వస్తుంది, అక్కణ్ణుంచి రెండో కేబులు పడవ వెనక గోడలోంచి దూరి డ్రైవులోకి పోతుంది. ఆ రెండూ కలిసేచోట వదిన ఓ చిన్న పిన్ను పీకి, రెండో కేబుల్ని విడదీసింది.

“ఇప్పుడు నెట్టండి మామయ్యగారూ.”

“వద్దులేమ్మా, నలుగురిలో ఎందుకు...”

“నెట్టండీ!”

నాన్న పళ్ళు బిగించి, అలవాటుగా కాలు తన్నిపెట్టి, బలమంతా వేసి నెట్టాడు. లివరు వెన్నలా జారింది. నాన్న దానితోపాటే వెళ్ళి బోర్లా పడ్డాడు. ఆయన లేచి కూర్చుని, ఒక్క వేలితో లివరు ముందుకు అన్నాడు. వెనక్కి అన్నాడు. మళ్ళీ ముందుకు అన్నాడు.

“నా చెయ్యి కాదా?” అన్నాడు చివరికి.

“చెయ్యి కాదు, కేబులు” అంది వదిన. “నీళ్ళలో నాని, పైతొడుగు పగిలి, లోపల తీగ తుప్పు పట్టేసింది. మీరు ఇన్నాళ్ళూ నెట్టింది గేరుని కాదు, తుప్పుని. ఇంకొకరైతే ఎప్పుడో చెయ్యి విరగ్గొట్టుకునేవారు.”

నాన్న తల వంచుకుని ఆ కుడిచేతిని ఎడమచేత్తో నిమురుకుంటూ కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడని నాకు తెలిసింది కానీ చూడనట్టు నటించాను.

మర్నాడు పడవను షెడ్డులోకి లాగాం. గొలుసు కప్పీ కట్టి ఆ ఇనప కాలుని ఊడదీసేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. పాత కేబులు బయటికొస్తే ఎండిన వేరులా ఉంది, వంచితే వంగలేదు. వదిన అన్నయ్య టేపుతో దాన్ని కొలిచి, అదే పొడవుది కొత్తది తెచ్చింది. టేపుకి గ్రీజు అంటిందని అన్నయ్య రెండురోజులు సణిగాడు.

కొత్త కేబులు ఎక్కించడం ఒక ఎత్తు, దాన్ని సరిచెయ్యడం ఒక ఎత్తు. ఇంజనువైపు చివరనున్న ఇత్తడి మరబిళ్ళను, అదే నట్టుని, కాస్త అటో ఇటో తిప్పితేనే గేరు సరిగ్గా పడుతుంది. కొంచెం తేడా వచ్చినా పళ్ళు సగమే కలిసి కటకటమని అరిగిపోతాయట. ముందుగా వదిన ఇంజను తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. “నా చేతులు ఫ్యాను మీద ఉంటాయి. మామయ్యగారి చెయ్యి ఇప్పుడు మరీ హుషారుగా ఉంది, నమ్మలేం” అంది.

వెనక వదిన ఫ్యానుని చేత్తో తిప్పుతూ ఉంటే, లోపల నాన్న లివరు కదపాలి. ఒకరికొకరు కనబడరు, షెడ్డులో సుత్తుల మోతకి వినబడరు. మధ్యలో గొంతు చించుకునే ఉద్యోగం నాది.

“ముందుకి వెయ్యమను!”

“నాన్నా, ముందుకి!”

“వేశానే!”

“వేశాడట వదినా!”

“పట్టుకోలేదు, ఇంకా తిరుగుతోంది. మధ్యలోకి తెమ్మను!”

“నాన్నా, మధ్యలోకి!”

“ఇప్పుడేగా ముందుకన్నావు!”

“నన్నెందుకు కసురుతావు, నీ కోడల్ని అడుగు!”

వదిన నవ్వుకుంటూ వచ్చి మరబిళ్ళ ఓ చుట్టు తిప్పి వెళ్ళేది. మళ్ళీ కేకలు. సాయంత్రానికి లివరు ముందుకు వేస్తే ఫ్యాను టక్కున పట్టుకుంది, వెనక్కి వేస్తే పట్టుకుంది, మధ్యలో ఉంచితే హాయిగా తిరిగింది. “పడింది!” అని వదిన వేసిన కేకకి షెడ్డు రేకులు మోగాయి. నా గొంతు మాత్రం పూర్తిగా పోయింది, ఇంట్లోవాళ్ళకి అదో పండగ.

ఆదివారం హోటలాయన లారీ తెచ్చాడు. ఒడ్డున అమ్మా, వదినా, నేనూ ఉన్నాం, పడవ మాత్రం లేదు. “ఏదీ?” అన్నాడు. నాకు గొంతు లేదుగా, నీళ్ళవైపు చెయ్యి చూపించాను. నాన్న జనాన్ని ఎక్కించుకుని వస్తున్నాడు. వంతెన దగ్గరపడగానే నేను భయంతో కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పడవ వంతెనకు జానెడు దూరంలో నిండుకుండలా తొణక్కుండా నిలబడి ఉంది. నాన్న రెండు వేళ్ళు లివరు మీదున్నాయి.

“ఇదేంటండీ పెద్దాయనా? మాటిచ్చి చెయ్యి కలిపారు కదా!” అని హోటలాయన మండిపడ్డాడు.

నాన్న చేతులు జోడించాడు. “నిజమే బాబూ, తప్పు నాదే, క్షమించు. అయితే ఆరోజు నాకు చెయ్యి లేదనుకుని కలిపాను” అని ఆ కుడిచెయ్యి పైకెత్తి వేళ్ళన్నీ ఆడించి చూపించాడు. “ఉందట. మా కోడలు చెప్పింది.”

పడవలోని జనం ఘొల్లున నవ్వారు. హోటలాయన కాసేపు ఆ చేతినీ, ఆ పడవనీ చూశాడు. చివరికి ఆయనకీ నవ్వొచ్చింది.

“సరే, మట్టి పొయ్యాల్సిన పడవ ఎలా పోతుందో చూద్దాం పదండి” అంటూ చెప్పులు చేత పట్టుకుని ఎక్కాడు.

నాన్న లివరు ముందుకు నెట్టబోయి, ఆగి, వదినవైపు తిరిగాడు. “అమ్మాయ్, ఇలా రా. నువ్వు వెయ్యి” అన్నాడు.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వదిన జీవితంలో మొదటిసారి చేతుల్ని కాక, నాన్న మొహంలోకి చూసింది. తర్వాత గ్రీజు చేతిని చీరకు తుడుచుకుని, గేరు వేసింది.