రివర్స్ గేర్ పాయసం

డిగ్నాబాద్‌లో తన వీధి మలుపు తిరగ్గానే ఎవరైనా "భయ్యా, ముబారక్!" అన్నారంటే చాలు, రాజ్‌కిరణ్ గుండె గుభేలుమనేది. ముబారక్ మంచిమాటే కదా, దానికంత ఉలుకెందుకూ అంటారేమో. ఆ మాట వినపడిందంటే, తన కూతురు లహరి తను లేనప్పుడు ఏదో కొత్త పని చేసిందన్నమాట. ఆ పనిని మామగారు అప్పలకొండ ముందుగా చూసేశాడన్నమాట!

రాజ్‌కిరణ్ పక్క దీవిలోని రంగత్‌కి వెళ్ళే బస్సు డ్రైవరు. ఇవాళ తెల్లవారకముందే బయల్దేరితే రాత్రికి రంగత్‌లోనే పడక. రేపు సాయంత్రానికి ఇల్లు. ఎల్లుండి సెలవు. అంటే మూడు రోజుల్లో ఒక్కరోజే ఇంటిపట్టున ఉంటాడు. ఆ పిల్ల ఎంత గడుసుదంటే, ఏం చేసినా మిగతా రెండు రోజుల్లోనే చేసేది. మామగారేమో హార్బర్లో కలాసీగా చేసి రిటైరైన మనిషి. పై వాటాలో ఉంటాడు. పొద్దున్నే కాఫీ తాగి, లుంగీ ఎగ్గట్టుకుని కిందికి దిగితే మళ్ళీ పడుకునే దాకా మనవరాలే ఆయనకి డ్యూటీ. వారాంతపు సెలవు కూడా లేదు.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం చేసి పంచడం మన తెలుగువాళ్ళకి మామూలే. అత్తగారు గవరమ్మ దగ్గర మాత్రం దానికి రెండు షరతులున్నాయి. ఎవరు ముందు చూస్తే వాళ్ళ చేత్తోనే వీధంతా పంచాలి. ఒక ముచ్చటకి ఒక్కసారే పంచాలి. వాళ్ళమ్మ అలాగే చేసిందట, ఇంక దానికి అప్పీలు లేదు.

నాలుగో నెల నిండాక ఒక బుధవారం లహరి బోర్లా పడింది. రాజ్‌కిరణ్ గురువారం సాయంత్రం వచ్చేసరికి ఎదురింటి దీదీ గిన్నె కడిగి తిరిగిస్తూ, "బహుత్ అచ్ఛా బనా థా భయ్యా! నానాజీ ఎంత ఖుష్‌గా పంచారో!" అంది. ఇంట్లో అతనికోసం రెండు బొబ్బట్లు మూతపెట్టి ఉంచారు. భార్య హేమమాలిని నెయ్యి వేసి మరీ పెట్టింది. అతను ఒక్క ముక్క తుంచి వదిలేశాడు.

"ఏటల్లుడూ, తీపి సాల్లేదా?" అన్నాడు అప్పలకొండ, పిల్లని ఒళ్ళో ఆడిస్తూ.

"బాగానే ఉంది మావయ్యా. మరొక్క రోజు ఆగితే నేనూ చూసేవాణ్ణి కదా."

"నానేటి సెయ్యను? ఆగమంటే ఆగుద్దేటి గుంట? నీ బస్సేటది, బెల్లు కొడితే ఆగడానికి!"

అసలు బాధ బొబ్బట్ల దగ్గర కూడా కాదు. పిల్లకి మామగారి బట్టతలంటే ప్రాణం. రెండు చేతులతో టపటపా వాయించి కిలకిలా నవ్వేది. తను ఎత్తుకుంటే చొక్కాకున్న డీజిల్ వాసనకి ముక్కు చిట్లించేది. స్నానం చేసొచ్చినా, పౌడరు రాసుకొచ్చినా అదే వరస. ఒక సెలవు రోజు రాజ్‌కిరణ్ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి నున్నగా గుండు చేయించుకొచ్చాడు. "ఏం మొక్కు?" అని హేమ అడిగితే, "ఏదో ఉందిలే" అన్నాడు. అల్లుడూ మామా పక్కపక్కన తలలు వంచి కూర్చున్నారు. లహరి ఈ గుండు చూసింది, ఆ గుండు చూసింది, తీరిగ్గా ఆలోచించింది. తల్లి ఒళ్ళోంచి వంగి తాతగారి తలమీదే చెయ్యేసింది. ఒళ్ళు మండిపోయిందనుకోండి. అయినా నవ్వాడు, ఏం చేస్తాడు.

ఆరో నెలలో కూర్చుంది. ఆ రోజు బస్సు రంగత్ చేరేవేళకి ఫోన్‌కి సిగ్నల్ వచ్చి టింగుమంది. హేమ వీడియో పంపింది. రాజ్‌కిరణ్ దాన్ని తెరవలేదు.

"చూడు భయ్యా, పాప కదా!" అన్నాడు కండక్టరు శ్రీను.

"వీడియోలో చూసింది చూసినట్టా రా? మా మావయ్య ఎదురుగా కూర్చుని చూశాడు. ఈపాటికి కుడుములు పట్టుకుని వీధంతా ఊరేగుతుంటాడు."

మర్నాడు వచ్చి చూస్తే అంతే జరిగింది. మలుపులో ఒకటి కాదు, మూడు ముబారక్‌లు.

దాంతో అతనికి పంతం పుట్టింది. ఎనిమిదో నెల వచ్చేసరికి లహరి మోకాళ్ళూ చేతులూ ఆన్చి, ముందుకీ వెనక్కీ ఊగడం మొదలెట్టింది. సైలెన్సరు దగ్గర చెవిపెట్టి బండి జబ్బు చెప్పేసే మనిషికి ఇది తెలియదా! నేడో రేపో బయల్దేరుతుంది. బంగారురాజనే ఇంకో డ్రైవర్ని బతిమాలి డ్యూటీ మార్చుకున్నాడు. నాలుగు రోజులు వరసగా ఇంట్లో ఉండేటట్టు చూసుకున్నాడు. సగ్గుబియ్యం, బెల్లం, కొబ్బరికాయలు తెచ్చి అత్తగారి ముందు పెట్టాడు.

"ఇంకా పాకందే అప్పుడే సరుకులేటి బాబూ?" అంది గవరమ్మ.

"పాకుతుందత్తా. ఈసారి నేనే చూస్తాను. నా చేత్తోనే పంచుతాను."

మొదటి రోజు పాకలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు గచ్చుమీద దుప్పటి పరిచి, పిల్లని నడుమ పడుకోబెట్టి, తను ఎదురుగా బోర్లా పడుకున్నాడు. బస్సు తాళాల గుత్తి ముందు పెట్టుకుని గలగలలాడించాడు. మామగారిని మాత్రం పిల్లకి వెనకగా, గోడవార పీటమీద కూర్చోబెట్టాడు.

"నువ్వక్కడే ఉండాలి మావయ్యా. పాపకి కనపడకూడదు. దగ్గకూడదు కూడా."

"ఊపిరి పీల్చుకోవచ్చునేటి?"

"మెల్లగా పీల్చుకో."

గలగల, గలగల. లహరి తలెత్తి తండ్రి మొహంలోకి చూసింది. తాళాలు చూసింది. నోరు చప్పరించింది. రెండు చేతులూ నేలకి గట్టిగా ఆనించి, బలమంతా కూడదీసి ఒక్క తోపు తోసింది. కదిలింది! కానీ వెనక్కి! మళ్ళీ తోసింది, మళ్ళీ వెనక్కి. తాళాలు దూరమైపోతున్నాయని మూతి వంకర తిరుగుతోంది, కళ్ళు మాత్రం తండ్రి మీంచి తీయడం లేదు. అలా చూస్తూ చూస్తూనే వెనక్కి జరిగి జరిగి, సరిగ్గా వెళ్ళి తాతగారి పాదాలకి తగిలి ఆగింది.

అప్పలకొండ ఇంటికప్పు ఎగిరిపోయేటట్టు నవ్వాడు. "సూసినావా! తాళాలొద్దు, తండ్రొద్దు, నా కాడికే ఒచ్చీసింది!"

రాజ్‌కిరణ్ దిగ్గున లేచి కూర్చున్నాడు. "పాకింది! అత్తా, హేమా, పాకింది! ఎదర ఉన్నది నేను. ముందు చూసింది నేను!"

"ఎనక్కెల్తే పాకడమేటి! సముద్రంలో రొయ్యలు కూడా ఎల్తాయి."

"అరే మావయ్యా, రివర్స్ మాత్రం గేరు కాదా? రివర్స్ తీసి చూపించాకే నాకు లైసెన్సిచ్చారు!"

ఇద్దరూ గొంతులు పెంచారు. లహరి మధ్యలో కూర్చుని ఒకసారి ఈయన్నీ ఒకసారి ఆయన్నీ చూస్తోంది. చివరికి గవరమ్మ గరిటెతో గుమ్మంలోకొచ్చి తీర్పు చెప్పింది. "ముందుకో, ఎనక్కో, గుంట ఉన్న సోటినుంచి కదిలింది. సగ్గుబియ్యం నానబోసీసినాను. పాకినట్టే. ముందు సూసినోడు అల్లుడే, అల్లుడే పంచాల."

రాజ్‌కిరణ్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పాయసం గిన్నె చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, ఇంటింటికీ తిరిగాడు. అడిగినా అడక్కపోయినా, "రివర్స్‌లో వెళ్ళింది దీదీ, ఏక్‌దమ్ సీదా!" అని నిజమే చెప్పాడు. అందరూ విరగబడి నవ్వారు. నవ్వితే నవ్వారు, గరిటె తన చేతిలో ఉంది కదా!

మూడు రోజుల తర్వాత పొద్దున రంగత్ బస్టాండులో టీ తాగుతుంటే ఫోన్ మోగింది. అప్పలకొండ. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"అల్లుడూ. పాకీసింది."

"ఎటు?"

"ముందుకే. నా లుంగీ కోసం గడప దాకా ఒచ్చీసింది. నానొక్కడినే సూసినాను."

రాజ్‌కిరణ్ గ్లాసు బల్లమీద పెట్టేశాడు. ఇదీ ఆయనే ముందు చూశాడు! అంతలో మామగారే అందుకున్నాడు.

"మీ అత్త పాయసం సెయ్యదట. ఒక ముచ్చటకి రెండుసార్లు పంచితే ఈధిలో నవ్వుతారట. నాను సూసి ఏటి లాభం? ఏ సేత్తో పట్టుకెల్లి ఎవులికి సెప్పుకోను?"

రాజ్‌కిరణ్‌కి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుని అడిగాడు. "ఏ చెయ్యి ముందేసింది మావయ్యా?"

"ఎడం సెయ్యి."

"తర్వాత?"

"తర్వాత కుడి మోకాలు. మద్దెలో ఒకపాలి మూతి నేలకానింది. ఏడవలేదు."

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

ఆయన మళ్ళీ చెప్పాడు. బస్సు టైమైందని శ్రీను చెయ్యూపుతున్నా రాజ్‌కిరణ్ కదల్లేదు. అంతా అయ్యాక మామగారు గొంతు తగ్గించాడు.

"నువ్వూ ఒకటి సెప్పల్లుడూ. ఆ దినం ఎనక్కొచ్చినపుడు గుంట మొకం ఎలగుంది? నాకు కాళ్ళే కనపడ్డాయి."

ఎలా ఉందో రాజ్‌కిరణ్‌కి కళ్ళకి కట్టినట్టే ఉంది. వంకర మూతి, తన మీంచి కదలని ఆ రెండు కళ్ళు. చెబుదామని నోరు తెరిచాడు.

"ఇంటికొచ్చాక చెప్తాలే మావయ్యా."

"సెప్పవు. నాకు తెల్దేటి నీ సంగతి!" అని ఠక్కున ఫోన్ పెట్టేశాడు అప్పలకొండ.

నిజంగానే చెప్పలేదు.