పిన్‌కోడ్ కొట్టిన టూరిస్టు

పాడు కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని మా దీవుల్లో బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీలో మండిపోతూ పైకే తిట్టుకుంటున్నాను. దరిద్రపుది, టీవీకి తగిలించి ఆడే కన్సోల్ కోసం చేసిన కొత్త గేమ్ పెడితే చాలు, వేడెక్కి ఆగిపోతోంది.

పక్కనున్న విజయనగరం టూరిస్టు విని నవ్వాడు.

“కన్సోల్ భాషని తర్జుమా చేసుకుంటూ ఆడించాలంటే కంప్యూటర్‌కి కన్సోల్‌ని మించిన దమ్ముండాలి బ్రదర్. ఈ తిప్పలెందుకు? కన్సోలే తెప్పించుకోవచ్చుగా?”

“ఇక్కడికి డెలివరీ ఇస్తేగా భయ్యా!”

అతను నమ్మలేదు. ఫోన్ తీసి, నా పిన్‌కోడ్ అడిగి కొట్టాడు. ‘ఈ చిరునామాకు పంపలేము’ అని వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

“ఏం, ఇది ఇండియా కాదా?” అని లేచి నిలబడి అరిచాడు.

ఫెర్రీ అంతా నవ్వింది. మామూలుగా అలాంటి మాటకి నేనూ నవ్వేవాణ్ణే. ఆ రోజు మాత్రం, మాకు అలవాటైపోయినదానికి ఒక బయటివాడు అంత కోపం తెచ్చుకుంటే నవ్వలేకపోయాను.