వాహనాలు తిరగని రేవు

మొన్న ద్రాక్షారామం గుడికి వెళ్ళి వస్తుంటే, నిన్నగాక మొన్న వేసిన నున్నటి తారురోడ్డును వెడల్పు చేయడానికి మళ్ళీ తవ్వుతూ కనిపించారు. బస్సు ఆగిపోయిన ఆ కాసేపట్లో పక్కసీటాయన దగ్గర పేపరు తీసుకుని చూస్తే, ఈ ఏడాది రాష్ట్ర నిధులు ముందు పెద్ద రోడ్లకేననీ, లంక గ్రామాల వంతెనలు తర్వాతి దశలో చూస్తారనీ రాసి ఉంది. చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నేను మేష్టరు ఉద్యోగంలో చేరిన కొత్తలో విన్న మాటే, రిటైరై ఇన్నేళ్ళయినా అదే మాట.

మాది గోదావరి పాయల మధ్య లంక. ఎండాకాలంలో పాయకు అడ్డంగా మట్టిబాట వేసేవారు, వరద రాగానే అది కొట్టుకుపోయేది, ఆపైన నీళ్ళు తీసేదాకా పడవే దిక్కు. అటువంటి ఊరికి తణుకు నుంచి కోడలిగా వచ్చిన మా వదిన, పుట్టింటి నుంచి తన సైకిలు కూడా తెచ్చుకుంది. ఆడపిల్ల సైకిలు తొక్కడం వింతగా ఉన్న రోజులు కదా, ముసలమ్మలు గుమ్మాల్లోంచి తొంగిచూస్తుంటే ఆవిడ బెల్లు కొట్టి మరీ వెళ్ళేది.

ఓ శ్రావణమాసంలో అరటితోటలో గడ్డి కోస్తుంటే ఆవిడ పాదం మీద రక్తపింజరి కాటేసింది. అన్నయ్యా నేనూ మంచం మీద మోసుకుని రేవుకు పరుగెత్తాం. అవతలి ఒడ్డున కిరాయి జీపు కళ్ళ ముందే ఉంది, డ్రైవరు చెయ్యి ఊపడం కూడా కనబడుతోంది, కానీ వరద ఉరవడికి పడవ ఎక్కడికో దిగువకు కొట్టుకుపోయి బురదలో ఒడ్డు పట్టింది. అక్కడి నుంచి మళ్ళీ జీపు దాకా మోశాం. ఆస్పత్రిలో ప్రాణం నిలిచింది గానీ, కొన్నాళ్ళకు ఆ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. త్వరగా తెస్తే కాలు దక్కేదండీ అని డాక్టరు గారు అన్నప్పుడు అన్నయ్య గోడకు తల కొట్టుకున్నాడు.

తర్వాత వంతెన కోసం అన్నయ్య తిరగని ఆఫీసు లేదు. ఒకసారి వదిన కూడా వస్తానని పట్టుబడితే చంకల్లో కర్రలతో మెట్లెక్కించి తీసుకెళ్ళాం. ఆఫీసరు గారు మర్యాదగానే కూర్చోబెట్టి, "ప్రభుత్వం దగ్గర డబ్బు లేదండి, ఉన్న కాస్తా వాహనాలు తిరిగే చోటికే ఇస్తారు. మీ రేవులో ఒక్క లారీ అయినా తిరగదు కదా," అన్నారు.

"వంతెన లేందే లారీ ఎలా వస్తుందండీ? నీళ్ళ మీద నడిచొస్తుందేంటి?" అంది వదిన.

ఆయన నవ్వేసి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అన్నయ్య వంతెన చూడకుండానే పోయాడు. మొన్న వేసవిలో మా రేవులో గ్రామసభ పెట్టారు. మా మనవడి ఈడు ఇంజనీరు గారు తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించి, ట్రాఫిక్ లేని కారణంగా మీ వంతెనకు ప్రాధాన్యం తక్కువండీ అని చల్లగా చెప్పారు. నేను లేచి అరిచాను, జీవితంలో ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. ఇంటికొచ్చాక వదిన, "నువ్వింకా అడుగుతున్నావా అబ్బాయ్," అంది, అంతే.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ప్రభుత్వం దగ్గర డబ్బు లేదనేవారు, మనమూ నమ్మేవాళ్ళం, అందరికీ లేనప్పుడు మనకు మాత్రం ఎక్కడిది అని సర్దుకునేవాళ్ళం. ఆ లేమిలోనే ఒక ఊరట ఉండేది. ఇప్పుడు డబ్బుందని కళ్ళారా చూస్తున్నాం, బాగున్న రోడ్డునే తవ్వి మళ్ళీ వేసేటంత ఉంది. డబ్బు లేదంటే ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాం. ఉంది గానీ మీకు కాదంటే, ఈ వయసులో దాన్ని ఎలా దిగమింగాలో నాకు తెలియడం లేదు.