కొవ్వు కరిగించే పొడి తాగి నేను లావెక్కాను

"ఆ డబ్బా తీస్కపోయి గోదావరిల పారెయ్యి పిల్లా. కొవ్వు కరుగుడేమో గని, నీ పానం కరుగుతది."

"నీకే కొవ్వెక్కింది వదినా. నేను సన్నగైతుంటే ఓర్వలేకపోతున్నవ్."

"ఎక్కదా మరి? నువ్విచ్చిన పొడే గదా తాగిన!"

నాకూ మా ఆడబిడ్డకూ నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆమె మా ఆయన చెల్లెలు. ఇద్దరికీ తలలు నెరిసినా నేనింకా పిల్లా అనే పిలుస్తాను. ఆ మాటల తర్వాత ఆమె తలుపు మూసుకుంది, నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు చేతకాని పని కనుక ఇది చెప్పి రాయిస్తున్నాను. రాసేది నా కోడలు. మా సిరోంచ పిల్లలు మరాఠీ బడికి పోతారు. ఈమె గోదావరి అవతల తెలుగు వైపు పుట్టింది, తెలుగు రాస్తుంది. నాకైతే సంతకం వరకే వచ్చు.

ఆ పొడి అహేరి బజారులో ఎవడో అమ్మాడు. వేడినీళ్లలో కలుపుకుంటే కొవ్వు వెన్నలా కరుగుతుందన్నాడట. ఆడబిడ్డకు మోకాళ్ల నొప్పులు. నాకు నొప్పులు లేవు, ఆశ ఉంది. మా ఆయన ఉన్నప్పుడు కుట్టించుకున్న జాకెట్లు మళ్లీ పట్టాలని! ఆమే రెండు డబ్బాలు తెచ్చి ఒకటి నాకిచ్చింది.

డబ్బా మీద ఇంకో మాట కూడా ఉంది. రాత్రి అన్నం మానాలట, పొద్దున్నే నడవాలట. ఆమె రెండూ చేసింది. నేను పొడి ఒక్కటే తాగాను. కరిగించేది లోపల కూర్చుంది కదా, దానికి పని చూపించొద్దా అని రాత్రి చేపల పులుసుతో ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాను.

వడ్లు తూచే కాంటా ఎక్కితే ఆమె తగ్గింది, నేను పెరిగాను. తూచేవాడు ముల్లు చూస్తూ, "అమ్మా, బస్తా దించి ఎక్కు" అన్నాడు.

"బస్తా యాడిది కొడుకా, నేనే" అన్నాను.

ఇద్దరం తాగింది ఒకటే పొడి. మరి ఆమెను తగ్గించింది నడకా, మానేసిన అన్నమూ కాక ఇంకేమిటి? పొడి చేసిందల్లా ఇద్దరి గుండెల్లోనూ డప్పు కొట్టడమే. నేను మానేశాను, నా డప్పు ఆగింది. ఆమె మానలేదు. మొన్న కళ్లంలో గుండె పట్టుకుని కూలబడింది. దవాఖానాకు లాక్కెళ్తే డాక్టరు డబ్బా చూశాడు. ఇందులో ఎక్కువ ఉన్నది చాయ్, కాఫీల సారమే, బీపీ ఉన్న మనిషికి మంచిది కాదు, పొడి మానండి, నడక మానకండి అన్నాడు. ఇంటికొచ్చి ఆమె నడక మానేసింది, పొడి మానలేదు! ఆ సాయంత్రమే మాకు మాటలు తెగాయి.

మా ఆయన పోయాక నన్ను వదినా అని పిలిచే నోరు అదొక్కటే. ఒక పొడి దాన్ని మింగేస్తే నేను ఊరుకోను.

ఇగ రాసింది చాలు బిడ్డా. ఆమె గోడవతల వాకిట్లనే కూసున్నది, చెవులు ఇటే ఉన్నయి. జర మొదటి సంది సదువు. ఆమె గుండె సంగతి వచ్చినకాడ గొంతు పెంచు. నా బరువు సంగతి వచ్చినకాడ మెల్లగ సదివినా ఏం కాదు.